హిమంలో ఆలయాలు – జపాను చెక్క అచ్చు చిత్రాలు

మంచు కురుస్తున్న వేళ దేవాలయాన్ని దర్శించే అవకాశం మన దేశంలో బహు కొద్దిమందికే లభిస్తుంది. మన సంస్థ ఉద్యోగులలో బదరీ, కేదార యాత్రలు చేసి వచ్చినవారు అనేకులున్నారు. వారందరికీ తెలిసిన సంగతే, హిమపాతం ముదరకముందే అక్కడి ఆలయ ద్వారాలు మూసివేస్తారు. కేదారేశ్వరుని ఉత్సవమూర్తి ఉఖీమఠానికి దిగివస్తాడు. మళ్ళీ వేసవి వచ్చిన పిదపనే తలుపులు తెరుస్తారు. గుడి మంచులో మునిగి ఉన్న నెలలలో దానిని చూడడానికి భక్తుడు అక్కడ ఉండడు. అందువల్లనే కాబోలు మంచు, గుడి, మనిషి, ఈ మూడూ ఒకచోట కలిసిన దృశ్యం మన ఊహలో సులభంగా రూపుకట్టదు.

జపానులో సంగతి వేరు. అక్కడ మంచు నగరం నడిబొడ్డున ఉన్న ఆలయం మీద కూడా పడుతుంది. టోక్యోలో ఏడాదికి ఏ కొద్ది రోజులో మాత్రమే పడినా, ఆ రోజున గుడి తలుపులు మూయరు. ఒకప్పుడు జనం గొడుగులు పట్టుకొని, కొయ్య పాదుకలతో మంచును త్రొక్కుకుంటూ వచ్చేవారు. ఆ దృశ్యాన్ని అక్కడి చిత్రకారులు తరతరాలుగా చెక్క అచ్చులతో కాగితంపై ముద్రించారు. వాటిలో మేము ముఖ్యంగా చెప్పదలచినవి నాలుగు చిత్రాలు. ఒకటి హిరోషిగె అనే మహాచిత్రకారుడు 1856లో వెలువరించినది. తక్కిన మూడు కవాసె హసుయి అనే ఇరవయ్యవ శతాబ్ది చిత్రకారునివి. వాటి వద్దకు వెళ్ళేముందు ఆ ముద్రణ పద్ధతిని కొంత తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే ఆ మంచులోని గొప్పతనం సగం మనకు అందదు.

ఆ చిత్రాలలో తెల్ల రంగు ఎక్కడ వేశారని మా ఇంటి పిల్లలు అడిగారు. చాలామటుకు ఎక్కడా వేయలేదు. గుడి కప్పు మీద పేరుకున్న మంచు, దేవదారు కొమ్మల మీది మంచు, నేల మీది మంచు అన్నీ అచ్చు పడకుండా విడిచిపెట్టిన కాగితమే. మల్బరీ జాతి చెట్టు బెరడు నుండి తీసిన నారతో చేసిన ఆ కాగితానికి తనదైన మెత్తని తెలుపు ఉంటుంది. చుట్టూ ఆకాశానికి బూడిద రంగు, గోడలకు ఎరుపు, చెట్లకు ముదురు ఆకుపచ్చ అద్దితే, మధ్యలో మిగిలిపోయిన చోటు తనంతట తాను మంచు అవుతుంది.

వినడానికి ఇది సులువుగానే ఉంది. చేయడానికి నలుగురు మనుషులు కావాలి. పెట్టుబడి పెట్టి, పనివారిని కూర్చి, సరుకు అమ్మే ప్రచురణకర్త ఒకరు; బొమ్మ గీసే చిత్రకారుడు ఒకరు; దిమ్మె చెక్కే శిల్పి ఒకరు; అచ్చు తీసే ముద్రాపకుడు ఒకరు. చిత్రకారుడు సాధారణంగా ఉలి ముట్టడు, రంగు పూసిన దిమ్మెనూ ముట్టడు. పలుచని కాగితంపై అతడు గీసి ఇచ్చిన రేఖాచిత్రాన్ని చెర్రీ పలకపై తలక్రిందులుగా అంటించి, శిల్పి గీతలను మాత్రం నిలిపి తక్కిన చెక్కను తొలిచివేస్తాడు. ఆ పనిలో మూలచిత్రం నశించిపోతుంది. తన చేతి గీత పోతేనే తన చిత్రం పుడుతుందన్నమాట. ఆ మొదటి దిమ్మెతో కొన్ని నల్లని ప్రతులు తీసి ఇస్తే, ఏ రంగు ఎక్కడ రావాలో చిత్రకారుడు వాటిపై గుర్తులు పెడతాడు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మె మళ్ళీ చెక్కుతారు.

మన పెడన, మచిలీపట్నం కలంకారీ అద్దకం చూచినవారికి ఇక్కడ ఒక భేదం చెప్పాలి. మనవారు అచ్చును చేత పట్టుకొని బట్టపై అద్దుతారు. జపానులో దిమ్మె కదలదు. నీటిలో కలిపిన రంగును కుంచెతో దిమ్మెపై పూసి, తడిపిన కాగితాన్ని దానిపై పరచి, వెదురు పొరతో చుట్టిన ‘బారెన్’ అనే గుండ్రని సాధనంతో వీపు వైపు నుండి రుద్దుతారు. ఒక చిత్రానికి పది, ఇరవై, ఒక్కొక్కప్పుడు నలభై పర్యాయాలు ఇలా జరగాలి. ప్రతి పర్యాయం కాగితం సరిగ్గా అదే చోట కూర్చోవడానికి దిమ్మె మూలన ఒక గంటు, అంచున ఒక గీటు చెక్కి ఉంచుతారు. దీనిని ‘కెంటో’ అంటారు. మన వర్క్‌షాపులో జిగ్, ఫిక్స్చర్ చేసే పనినే అక్కడ ఈ రెండు గంట్లు చేస్తాయి. అయితే ఉక్కు మాదిరిగా కాగితం మాట వినదు. తడి ఎక్కువైతే సాగుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. కనుక ముద్రాపకుడు కాగితాల దొంతర అంతటినీ పని పూర్తయ్యేవరకు ఒకే చెమ్మలో కాపాడుకోవాలి.

ఇప్పుడు గాలిలో ఎగిరే మంచు రేకును ఊహించండి. అది ఎర్రని గోడ ముందు పడుతూ ఉంటే ఎరుపు దిమ్మెలో ఆ చోట చిన్న గుంట తీయాలి. ఆ గోడపై నీడ కోసం వేరొక దిమ్మె ఉంటే అందులోనూ, సరిగ్గా అదే స్థానంలో, అదే ఆకారంలో గుంట తీయాలి. ఒక్క దిమ్మెలో మరచినా, వెంట్రుకవాసి జరిగినా తెల్లని రేకు అంచున రంగు మరక పడుతుంది. ఒక్క చిత్రంలో ఇటువంటి రేకులు వందలు. కొందరు ముత్యపు చిప్పల పొడి వంటి తెల్లని వర్ణాన్ని పైన చిలకరించే పద్ధతిని కూడా వాడారు గాని, గుంట తీసి విడిచిన తెలుపులో ఉన్న వెలుగు దానికి రాదని మా అభిప్రాయం. ఇవి గాక ‘కరజురి’ అని మరొక ఉపాయం ఉంది. రంగు పూయని దిమ్మెపై కాగితాన్ని పెట్టి గట్టిగా రుద్దితే కాగితంలోనే ఎత్తుపల్లాలు ఏర్పడతాయి. మంచి ప్రతిని దీపం ప్రక్కగా పట్టి చూస్తే మంచు దిబ్బ నిజంగానే ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ఫొటో ప్రతులలో ఇది రాదు.

ఇక హిరోషిగె. 1797లో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, జన్మించిన ఇతడు అగ్నిమాపక దళంలో వంశపారంపర్యమైన చిన్న ఉద్యోగం కలిగిన కుటుంబంలోనివాడు. తాను కూడా కొంతకాలం ఆ కొలువు చేశాడు. చెక్క ఇళ్ళ నగరంలో నిప్పు అంటే ఏమిటో ఉద్యోగరీత్యా తెలిసిన చిత్రకారుడు ఇతడు. 1855లో ఎదోను పెద్ద భూకంపం కుదిపివేసింది. మరుసటి ఏడాదే అతడు ‘ఎదో నగరపు నూరు ప్రసిద్ధ దృశ్యాలు’ అనే చిత్రమాలను ఆరంభించాడు. అందులోని అసకుస చిత్రమే మేము చెప్పబోయేది.

అసకుసలోని సెన్సోజి టోక్యోలో మిక్కిలి ప్రాచీనమైన ఆలయం. అక్కడ కొలువై ఉన్నది అవలోకితేశ్వరుడు. జపాను వారు కన్నన్ అంటారు. చిత్రంలో మనం ముఖద్వారం క్రింద నిలబడి లోపలికి చూస్తున్నాము. పైన ఎర్రని పెద్ద కాగితపు లాంతరు వ్రేలాడుతోంది, అదీ సగమే కనబడుతుంది; ఎడమ ప్రక్క ద్వారపు స్తంభం. ఈ రెండింటి నడుమ నుండి తెల్లని దారి, గొడుగుల క్రింద నడుస్తున్న జనం, దూరాన ఎర్రని లోపలి ద్వారం, కుడి వైపు ఐదంతస్తుల గోపురం. తెలుపు, ఎరుపు, కొంచెం ఆకుపచ్చ, అంతే. జపానులో తెలుపు, ఎరుపు కలిస్తే శుభసూచకం. దానికి కారణం ఉంది. 1855 భూకంపంలో ఆ గోపురం కూలలేదు గాని, శిఖరాన ఉన్న లోహపు వలయాల స్తంభం వంగిపోయింది. చిత్రంలో అది నిటారుగా ఉంది. ఆ శిఖరాన్ని బాగుచేసిన సంతోషాన్ని ఈ చిత్రం చాటుతోందని పండితులు అంటారు. మరొక వింత: ఈ మంచు దృశ్యం అచ్చయినది ఏడవ చాంద్రమాసంలో, అంటే వేసవి ఉక్కలో. ఆ రోజులలో ఇటువంటి చిత్రం ఒక గిన్నెడు సేమ్యా పులుసు వెలకు దొరికేదని చెబుతారు. గోపురం నిలిచిందన్న వార్తను చెమటలు కక్కుతున్న నగరవాసులు ఆ వెలకు కొని ఇంటికి తీసుకుపోయారు.

ఆ తరువాతి చరిత్ర చెప్పక తప్పదు. లాంతరు వ్రేలాడిన ఆ ముఖద్వారం, కామినరిమోన్, 1865లో అగ్నికి ఆహుతి అయింది. ఆపైన దాదాపు ఒక శతాబ్దం దాకా ఆ చోట శాశ్వతమైన ద్వారం లేదు. మత్సుషిత కోనోసుకె అనే పారిశ్రామికవేత్త, మనకందరికీ పరిచితమైన పానసోనిక్ సంస్థ స్థాపకుడు, ఇచ్చిన విరాళంతో 1960లో తిరిగి కట్టారు. పదిహేడవ శతాబ్ది నాటి ప్రధానాలయం, గోపురం 1855 భూకంపాన్నీ, 1923 మహా భూకంపాన్నీ తట్టుకొని నిలిచాయి. 1945 మార్చి 10 నాటి వైమానిక దాడిలో కాలిపోయాయి. ఆలయాన్ని 1958లోను, గోపురాన్ని 1973లోను పునర్నిర్మించారు. కాని పాత గోపురం ఆలయానికి తూర్పున ఉండేది. కొత్తది పడమట ఉంది. నేడు టోక్యో వెళ్ళిన తెలుగు యాత్రికుడు హిరోషిగె చిత్రాన్ని చేతబట్టి అదే ద్వారం క్రింద నిలబడితే, గోపురం కుడివైపు కాక ఎడమవైపు కనిపిస్తుంది.

మంచు ఈ కట్టడాలకు ఎందుకంత నప్పుతుందన్న ప్రశ్నకు సమాధానం వాటి కప్పులలో ఉంది. మన దేవాలయంలో కన్ను ముందుగా గోపురం మీది శిల్పాల వైపు పోతుంది. జపాను ఆలయంలో కప్పే ప్రధానం. గోడను దాటి చాలా దూరం ముందుకు వచ్చిన చూరు, దానిని మోసే దూలాల గుత్తులు, మూలల వద్ద పైకి లేచిన వంపు. మామూలు రోజులలో పెంకుల నలుపులో ఆ వంపు కలిసిపోతుంది. మంచు పడినప్పుడు పెంకులు కప్పబడి వంపు ఒక్కటే మిగులుతుంది. చూరు క్రింది భాగాన మంచు చేరదు కనుక దూలాల ఎరుపు, నీడ మరింత చిక్కగా కనబడతాయి. చిత్రకారునికి కావలసినది అదే. ఐదంతస్తుల గోపురం మన దేశపు స్తూపానికి దూరపు సంతానమని పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. చైనా, కొరియాల మీదుగా ప్రయాణించి, స్తూపపు ఛత్రావళి అక్కడ శిఖరాన లోహపు వలయాలుగా మిగిలింది. మన కృష్ణాతీరంతో పేరు ముడివడిన ఆచార్య నాగార్జునుణ్ణి జపాను బౌద్ధులు ‘ర్యూజు’ అన్న పేరుతో తమ శాఖలన్నింటికీ మూలపురుషునిగా పూజిస్తారు. అమరావతి ఫలకాలపై చెక్కిన ఛత్రాలు అసకుసలో మంచు మోస్తున్నాయని అనుకోవడం మాకు సంతోషం కలిగిస్తుంది.

కవాసె హసుయి 1883లో టోక్యోలోని షిబా పేటలో పుట్టాడు. ఆ పేటలోనే జోజోజి ఆలయం ఉంది. షోగునుల కుటుంబ ఆలయంగా వెలసిన జోజోజి ముందు 1622లో కట్టిన మహాద్వారం ఉంది. దాని పేరుకు ‘మూడు విముక్తుల ద్వారం’ అని అర్థం. లోభం, ద్వేషం, మోహం అనే మూడింటి నుండి విముక్తి. రెండంతస్తులుగా, సుమారు 21 మీటర్ల ఎత్తున, నిలువెల్లా ఎర్రని రంగుతో ఉంటుంది.

హసుయి యువకుడయ్యే నాటికి చెక్క అచ్చుల కాలం చెల్లింది. లితో, ఫొటో ముద్రణలు వచ్చి శిల్పులకు, ముద్రాపకులకు పని పోయింది. వతనాబె షోజబురొ అనే ప్రచురణకర్త మిగిలిన పనివారిని కూడగట్టి, యువ చిత్రకారుల చేత కొత్త బొమ్మలు వేయించి, ‘షిన్ హంగ’, అంటే కొత్త అచ్చు, అనే ఉద్యమాన్ని 1915 ప్రాంతంలో నడిపించాడు. హసుయి 1918లో అతనితో చేరి, దేశమంతా తిరిగి ఊళ్ళను, గుళ్ళను చిత్తు పుస్తకాలలో గీసుకొని తెచ్చి అచ్చుకు ఇవ్వసాగాడు.

1923 సెప్టెంబరు 1న మధ్యాహ్న భోజన వేళ టోక్యోలో మహా భూకంపం వచ్చింది. ఇళ్ళలో వంట పొయ్యిలు మండుతున్నాయి. భూకంపం కంటె ఆ మంటలే ఎక్కువ ప్రాణాలను బలిగొన్నాయి. వతనాబె దుకాణం, అందులోని దిమ్మెలు, అచ్చు ప్రతులు బూడిదయ్యాయి. హసుయి ఇల్లు కాలిపోయింది. దానితోపాటు 188 చిత్తు పుస్తకాలు. నలభై ఏళ్ళ చిత్రకారునికి అది సర్వస్వం. దిమ్మె ఉంటే మళ్ళీ అచ్చు తీయవచ్చు, చిత్తు పుస్తకం ఉంటే మళ్ళీ దిమ్మె చెక్కించవచ్చు. రెండూ పోయాయి. మిగిలినవి అప్పటికే అమ్ముడుపోయి, ఇతరుల ఇళ్ళకు, సముద్రాల ఆవలికి చేరిన ప్రతులు మాత్రమే. వతనాబె ప్రోద్బలంతో హసుయి అదే శరదృతువులో మళ్ళీ బయలుదేరి 102 రోజులు పడమటి జపాను అంతా తిరిగాడు.

1925లో వెలువడిన ‘షిబాలోని జోజోజి’ ఆ తరువాతి చిత్రం. భూకంపానికి చెక్కుచెదరని ఆ ఎర్రని ద్వారం ముందు గాలివాటుకు మంచు ఏటవాలుగా కొడుతోంది. ఒక స్త్రీ గొడుగును గాలికి ఎదురు వంచుకొని నడుస్తోంది. ప్రక్కన దేవదారు కొమ్మలు మంచు బరువుకు వంగి ఉన్నాయి. హసుయి చిత్రాలన్నింటిలోకీ విశేషంగా అమ్ముడైనవాటిలో ఇది ఒకటి. బూడిదకుప్పలా మిగిలిన నగరంలో, తాను పుట్టిన పేటలో, నిలిచిన ద్వారాన్ని ఎంచుకున్నాడతడు. ఆ మంచులో శిథిలాలు ఒక్కటీ కనబడవు. ఇది వాస్తవం నుండి తప్పించుకోవడమని విమర్శించినవారున్నారు. మేము ఆ మాటను పూర్తిగా కాదనలేము. అయినా, కాలిపోయినదాన్ని ఎవరూ వ్రాసి చెప్పనక్కరలేని నగరంలో, కాలనిది ఏదో చూపడం కూడా ఒక సమాచారమే.

అదే ద్వారాన్ని అతడు 1953లో మరొకమారు చిత్రించాడు. ఈసారి కొన్నది బజారు కాదు, ప్రభుత్వం. యుద్ధానంతరం సంప్రదాయ హస్తకళలు అంతరించకుండా కాపాడడానికి ఏర్పడిన ప్రభుత్వ సంఘం, ఒక చెక్క అచ్చు చిత్రం తయారీని ఆమూలాగ్రం నమోదు చేయదలచి హసుయికి పని అప్పగించింది. అతడు గీసినది ‘జోజోజిలో మంచు’. 42 పర్యాయాలు అచ్చు వేస్తే గాని పూర్తికాని చిత్రం అది. ఈలోగా 1945 దాడులలో జోజోజి ప్రధానాలయం, షోగునుల సమాధి మందిరాలు చాలావరకు కాలిపోయాయి. ద్వారం మాత్రం మళ్ళీ నిలిచింది.

మా మట్టుకు మాకు 1925 నాటి చిత్రం కంటె ఈ రెండవదే మిన్నగా తోస్తుంది. మొదటిదానిలో స్త్రీ, ద్వారం, దేవదారు అన్నీ చూచేవారి కోసం అమర్చినట్లుంటాయి. గ్రీటింగు కార్డుగా ఎంతో శోభిస్తుంది. 1953 చిత్రంలో ట్రాము ఆగే చోట గొడుగుల క్రింద నిలబడిన మామూలు జనం ఉన్నారు. మంచు పడుతోంది, ట్రాము ఇంకా రాలేదు. వెనుక ద్వారం తన పాటికి తాను ఉంది; దాని వైపు చూడాలన్న ధ్యాస ఎవరికీ ఉన్నట్లు లేదు. షిఫ్టుకు బస్సు కోసం చలిలో నిలబడిన మనవారికి ఆ నిలబడడం బాగా తెలుసు. నేటి ఛాయాచిత్రాలలో ఆలయ ప్రాంగణం వెనుక టోక్యో టవర్ ఎత్తుగా కనిపిస్తుంది. అది 1958లో పూర్తయింది. హసుయి దానిని పూర్తిగా చూడలేదు.

ఇదే ఉద్యమంలోని యోషిద హిరోషి మన దేశానికి వచ్చి, 1931, 32 ప్రాంతాలలో అజంతా, తాజ్‌మహల్, మదురై ఆలయం, కాంచనగంగ శిఖరాలను అచ్చు వేశాడని ఇక్కడ చెప్పడం అప్రస్తుతం కాదు. గుడిని మదురైలోను, మంచును కాంచనగంగ మీదను చూచాడు. రెండూ ఒకచోట అతనికీ మన దేశంలో దొరకలేదు.

హసుయి చివరి చిత్రం ఈశాన్య జపానులోని హిరైజుమిలో ఉన్న ‘స్వర్ణ మందిరం’. చూసొంజి ఆలయానికి చెందిన ఈ చిన్న మందిరాన్ని 1124లో కట్టారు. లోపలా వెలుపలా బంగారు రేకు తాపడం చేసి, ముత్యపు చిప్పలు పొదిగారు. అటువంటి దానిని వానకు, మంచుకు వదలలేక 1288లో దానిపై మరొక చెక్క మందిరాన్ని తొడుగులా కట్టారు. హసుయి చిత్రించినది ఆ తొడుగునే. పొడుగాటి చెట్ల నడుమ రాతి మెట్లు, మెట్ల నిండా మంచు, పైన నల్లని చెక్క గోడలు, తెల్లని కప్పు. ఒంటరిగా మెట్లెక్కిపోతున్న ఒక సన్న్యాసి వీపు. స్వర్ణ మందిరమన్న పేరే గాని చిత్రంలో బంగారు రంగు ఎక్కడా లేదు.

1957 నవంబరులో హసుయి మరణించాడు. అచ్చు పని ఆ తరువాతే ముగిసింది; శిల్పి, ముద్రాపకుడు, ప్రచురణకర్త కలిసి పూర్తి చేశారు. తరువాతి దశాబ్దంలో హిరైజుమిలో ఆ పాత తొడుగు మందిరాన్ని ప్రక్కకు తరలించి, దాని స్థానంలో కాంక్రీటు కట్టడం కట్టారు. హసుయి సన్న్యాసి చూస్తున్న చెక్క గోడలు నేడు ఆ మెట్ల పైన లేవు.